లొంగిపోవడమా, దిగిరావడమా, శరణు కోరడమా: ఓటమి చుట్టూ ఇన్ని మాటలెందుకు?

2025 అక్టోబరు మూడో వారంలో రెండు పెద్ద వార్తలు రెండు రోజుల తేడాతో వచ్చాయి. 15న మహారాష్ట్రలోని గడ్చిరోలిలో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు సుమారు 60 మందితో కలిసి ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ ఎదుట ఆయుధాలు అప్పగించారు. 17న ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో తక్కళ్లపల్లి వాసుదేవరావు సహా 210 మంది తుపాకులు పక్కన పెట్టారు. రెండు చోట్లా జరిగింది ఒకటే. దానికి పెట్టిన పేర్లే వేరు. టీవీల్లో అది ‘లొంగుబాటు’. ప్రభుత్వ ప్రకటనల్లో ‘జనజీవన స్రవంతిలో కలవడం’, ‘పునరావాసం’. బయటికి వచ్చినవాళ్ల మాటల్లో ‘సాయుధ పోరాట విరమణ’. అడవిలో మిగిలిన పార్టీవారి మాటల్లో ‘ద్రోహం’.

అప్పటి నుంచి చాలామందిని తొలిచిన ప్రశ్న: ఇందులో సరైన మాట ఏది? నిజానికి ఆ ప్రశ్న మావోయిస్టులతో మొదలైందీ కాదు, వాళ్లతో ఆగేదీ కాదు. సమ్మె విరమించినప్పుడు, ప్రభుత్వం జీవో వెనక్కి తీసుకున్నప్పుడు, నిందితుడు కోర్టుకు వచ్చినప్పుడు, భక్తుడు దేవుడి ముందు సాగిలపడినప్పుడు కూడా తెలుగులో ఒక్కో మాట వాడతాం. అవన్నీ ఒకటేనని అనుకుంటాం. కొంచెం కదిపి చూస్తే ఏ రెండూ ఒకటి కావని తెలుస్తుంది. ఎవరికి తగ్గారు, ఏం వదులుకున్నారు అన్నవి కొంత తేడా తెస్తాయి. కానీ అసలు తేడా ఆ మాట అంటున్న మనిషి ఎక్కడ నిలబడి అంటున్నాడన్న దాంట్లో ఉంది.

లొంగడం, లోబడడం, లోనవడం

‘లొంగు’తో మొదలుపెడదాం. ఈ మాటకు బయటి నుంచి ఒక బలం కావాలి. ఒత్తిడికి లొంగుతారు, బెదిరింపులకు లొంగుతారు, ప్రలోభాలకు లొంగుతారు. ఆ బలం చెడ్డదే కానక్కర్లేదు. ‘మందులకు లొంగని జ్వరం’ అంటాం, అక్కడ లొంగడమే మనకు కావాల్సింది. కానీ నెట్టే శక్తి ఏదో ఒకటి ఉండాలి. అందుకే ‘అమ్మ మాటకు లొంగాడు’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అమ్మ మాట ‘విన్నాడు’ అంటాం, లేదా ‘అమ్మ కన్నీళ్లకు లొంగాడు’ అంటాం. మాటకు వినడం సరిపోయింది, కన్నీళ్ల దగ్గరికి వచ్చేసరికి లొంగడం కావాల్సి వచ్చింది.

‘లోబడు’ అలా కాదు. లో, పడు కలిసిన మాట ఇది. ఒక గీత ఉంది, దాని లోపల ఉండటం. ‘చట్టానికి లోబడి’, ‘నిబంధనలకు లోబడి’, ‘షరతులకు లోబడి’ అని ఒప్పంద పత్రాల్లో చూస్తాం. ఇందులో అవమానం లేదు. ఒక అధికారి ‘నేను చట్టానికి లోబడి పనిచేస్తాను’ అంటే గౌరవంగా ఉంటుంది. ‘నేను చట్టానికి లొంగి పనిచేస్తాను’ అంటే ఆయనకు వేరే పని చేయాలని ఉంది గానీ కుదరడం లేదని అర్థం వస్తుంది. తెలుగు బైబిల్లో దేవునికి ‘లోబడి’ ఉండమని చెబుతారు గానీ లొంగమని చెప్పరు. అనువాదకులు ఈ తేడా పట్టుకున్నట్టే ఉంది.

మూడోది ‘లోనవడం’. పత్రికల్లో దీన్ని, లొంగడాన్ని తరచూ కలిపేస్తుంటారు. ఒక ఉదాహరణ. ఒక ఇంజినీరు బిల్లుపై సంతకం పెట్టాలని పైనుంచి పది ఫోన్లు వచ్చాయి. ఆయనకు రాత్రంతా నిద్ర లేదు. అప్పుడు ఆయన ‘ఒత్తిడికి లోనయ్యారు’. పొద్దున్నే వెళ్లి సంతకం పెట్టేశారు. ఇప్పుడు ‘ఒత్తిడికి లొంగారు’. సంతకం పెట్టకుండా ఫైలు తిప్పి పంపితే? ‘ఒత్తిడికి లోనైనా లొంగలేదు’. లోనవడం మనిషికి జరిగేది, లొంగడం మనిషి చేసేది. ఒకరు టెన్షన్ పడ్డారని రాయబోయి ‘ఒత్తిళ్లకు లొంగారు’ అని రాస్తే, తెలియకుండానే ఆయన మీద ఒక ఆరోపణ వేసినట్టే.

తల ఒగ్గితే వంగినట్టు కాదు

‘తలొగ్గు’ అంటే తల వంచడమని చాలామంది అనుకుంటారు. అందులో ఉన్నది వంచడం కాదు, ఒగ్గడం. పాత తెలుగులో ఒగ్గడమంటే ముందుకు చాచడం, పట్టి ఉంచడం. దోసిలి ఒగ్గి నీళ్లు తాగుతారు, చెవి ఒగ్గి వింటారు. ‘ఒగ్గు’ విడిగా ఇప్పుడు దాదాపు వాడుకలో లేదు. తల పక్కన అతుక్కుని బతికిపోయింది. తల ఒగ్గడమంటే ‘ఇదిగో తల, ఏం చేస్తావో చెయ్’ అని ముందుకు పెట్టడం. వేటుకైనా, బరువుకైనా.

తల వంచడానికి వేరే అర్థాలున్నాయి. తల వంచుకుని నిలబడితే సిగ్గు. పెద్దల ముందు తల వంచితే గౌరవం. వంచిన తల ఎత్తకుండా పనిచేస్తే బుద్ధిమంతుడు. ఈ మూడింటిలోనూ ఓటమి లేదు. అందుకే ‘ప్రభుత్వం ప్రజాగ్రహానికి తలొగ్గింది’ అనే చోట ‘తలవంచింది’ అని మారిస్తే, ప్రభుత్వం సిగ్గుపడిందో, దణ్ణం పెట్టిందో తెలియకుండా పోతుంది.

వెనక చేరే చిన్న క్రియలే మాటను తిప్పేస్తాయి

లొంగు, దిగు, ఎత్తు అన్నవి సగం మాటలే. వాటి వెనక చేరే పోవడం, రావడం, వేయడం మిగతా సగం. అసలు సంగతి అక్కడే ఉంటుంది.

‘పోలీసులకు లొంగిపోయాడు’ అంటే స్టేషన్‌కు వెళ్లి తనను తాను అప్పగించుకున్నాడని అర్థం. ‘పోలీసులకు లొంగాడు’ అని చూడండి. ఎవరి పేరో చెప్పమని ఒత్తిడి చేస్తే చెప్పేశాడనో, వాళ్లు చెప్పినట్టు ఆడాడనో తోస్తుంది. ఒక్క ‘పోయాడు’తో మనిషి ఇన్‌ఫార్మర్ కాకుండా తప్పించుకున్నాడు. పోవడం చేరితే పని పూర్తయిపోయిందని, ఇక వెనక్కి రాదని ఒక నిట్టూర్పు కూడా వినిపిస్తుంది. చచ్చిపోవడం, ఓడిపోవడం, అయిపోవడం, లొంగిపోవడం ఒకే వరసలో కూర్చున్నవి.

‘దిగు’ ఇంకా తమాషాగా ఉంటుంది. ప్రభుత్వం దిగొచ్చింది అంటే మొండితనం మానింది. ప్రభుత్వం దిగిపోయింది అంటే కుర్చీ పోయింది. ప్రభుత్వం దిగజారింది అంటే చేయకూడని పని చేసింది. దిగడం ఒకటే, వెనక వచ్చిన క్రియే ప్రభుత్వం బతికిందో, పోయిందో, పరువు పోగొట్టుకుందో చెప్పింది. పైగా ‘దిగొచ్చింది’ అనే మాటలో మాట్లాడేవాడి చోటు కూడా దొరుకుతుంది. ‘వచ్చు’ అంటే మన వైపు రావడం. పైన ఉన్నది మన దగ్గరికి దిగింది, అంటే మనం కింద ఉన్నాం. అందుకే ఈ మాట ఎప్పుడూ కింద ఉన్నవాళ్ల నోటిదే. కార్మికులు దిగొచ్చారని ఎవరూ అనరు, యాజమాన్యం దిగొచ్చిందంటారు. బంగారం ధరలు కూడా దిగొస్తాయి, కొనేవాడు కింద నిలబడి చూస్తుంటాడు కాబట్టి.

చేతుల సంగతీ అంతే. సభలో చేతులెత్తితే ఓటు. చేతులెత్తి మొక్కితే భక్తి. చేతులెత్తేస్తే అంతే సంగతులు. డాక్టర్లు చేతులెత్తేశారు, చిట్‌ఫండ్ యజమాని చేతులెత్తేశాడు, చివరి ఓవర్లలో బ్యాటర్లు చేతులెత్తేశారు. తుపాకీ ఎదుట చేతులు పైకెత్తే దృశ్యమే దీని వెనక ఉందనిపిస్తుంది గానీ, వాడుకలో ఎదుట శత్రువు ఉండాల్సిన పనే లేదు. డాక్టర్లు ఎవరికీ లొంగలేదు, ఇక తమ వల్ల కాదన్నారు. బాధ్యత మధ్యలో వదిలేయడం ఇందులో ముఖ్యం. కాడి వదిలేయడం కూడా ఇదే కోవలోది, ఎద్దుల నుంచి వచ్చింది. సాలు మధ్యలో ఆగిపోయిన అరకను చూసినవాళ్లకు ఆ మాటలో ఎంత నిరాశ ఉందో తెలుస్తుంది.

‘లొంగదీసుకున్నాడు’ అనే చిక్కుముడి

ఇదే కుటుంబంలో వివాదం ఉన్న మాట ఒకటుంది. నేర వార్తల్లో ‘మాయమాటలు చెప్పి లొంగదీసుకున్నాడు’ అని ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. అత్యాచారం, మోసం, బెదిరింపు అన్నింటినీ ఈ ఒక్క మాట కింద కప్పేస్తున్నారు.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన ఇది: ‘లొంగదీయు’ అంటే లొంగేలా చేయడం, కర్త నేరస్తుడే, కాబట్టి నేరం అతని మీదే ఉంది, కటువైన మాట రాయకుండానే సంగతి తెలుస్తోంది. వద్దనేవాళ్ల వాదన వేరు: వాక్యంలో కర్త ఎవరైనా, చివరికి చదివేవాడి మనసులో మిగిలేది ‘ఆమె లొంగింది’ అనే బొమ్మ. లొంగడమంటే మనిషి చేసే పని అని పైన ఇంజినీరు ఉదాహరణలో చూశాం. ఆ లెక్కన బాధితురాలికి కూడా ఇందులో ఒక పాత్ర ఉన్నట్టు అవుతుంది. పైగా బలాత్కారమా, పెళ్లి చేసుకుంటానని చేసిన మోసమా, మైనర్‌పై నేరమా అన్న తేడా చెరిగిపోతుంది. చట్టంలో అవి వేర్వేరు నేరాలు. నాకు రెండో వాదనే బలంగా తోస్తుంది. జరిగింది ఏమిటో తెలిసినప్పుడు దాని పేరే రాయొచ్చు.

కోర్టులో లొంగిపోవడం ఓటమా?

న్యాయ వార్తల్లో ‘లొంగిపోవడం’ అంటే తలొగ్గడం కాదు, తప్పు ఒప్పుకోవడమూ కాదు. ఒక మనిషి తనంతట తాను వచ్చి కోర్టు అధీనంలోకి వెళ్లడం, అంతే. నేరం చేయలేదని గట్టిగా వాదించేవాడు కూడా లొంగిపోవచ్చు. మరుక్షణమే బెయిల్ అడగొచ్చు కూడా.

ఎందుకలా చేస్తారంటే, ముందస్తు బెయిల్ సంగతి వేరు గానీ, మామూలు బెయిల్ అడగాలంటే మనిషి కస్టడీలో ఉండాలి. మరి కస్టడీ అంటే బేడీలు వేసి తీసుకురావడమేనా? 1980లో నిరంజన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. నిందితుడు స్వయంగా కోర్టుకు వచ్చి, కోర్టు ఆదేశాలకు లోబడితే అది కూడా కస్టడీయే. ఇక్కడ మన రెండు మాటలూ ఎంత చక్కగా కలిశాయో చూడండి: లొంగిపోయినవాడు కోర్టుకు లోబడ్డాడు.

ఒక ఊహాజనిత కేసు తీసుకుందాం. ఒక వ్యాపారి మీద మోసం కేసు పెట్టారు. పోలీసులు ఇంటికొచ్చి పట్టుకుంటే అరెస్టు. నోటీసు అందుకుని విచారణకు వెళ్తే హాజరు. ముందస్తు బెయిల్ దొరకక, లాయర్‌తో కలిసి నేరుగా మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్తే లొంగుబాటు. లాయర్లు దీన్ని సరెండర్ అనే అంటారు. నేరం చేశానని మేజిస్ట్రేట్ ముందు చెబితే ఒప్పుకోలు. ఈ నాలుగింటినీ కలిపి ‘పోలీసులకు చిక్కాడు’ అని రాసే శీర్షికలు కోకొల్లలు.

శిక్షలో, బెయిల్‌లో కూడా ఇదే వాడుక. మధ్యంతర బెయిల్ మీద బయట ఉన్న అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ 2024 జూన్ 2న గడువు తీరి తిహార్ జైలుకు తిరిగి వెళ్తే, చాలా పత్రికలు ‘లొంగిపోయారు’ అనే రాశాయి. అక్కడ ఎవరి పట్టూ ఎవరూ వదల్లేదు. అది గడువు ముగిసిన మనిషి తిరిగి వెళ్లడం. ‘లొంగిపోయారు’ అని వినగానే అభిమానులు బాధపడటం, ప్రత్యర్థులు సంబరపడటం రెండూ మాట వల్ల వచ్చిన గందరగోళమే.

యుద్ధంలో: బేషరతు అంటే ఏమీ మిగలకపోవడమేనా

యుద్ధ వార్తల్లో మూడు మాటలు కలిసిపోతుంటాయి. కాల్పుల విరమణ అంటే రెండు వైపులా తుపాకులు ఆగాయి, ఎవరి ఆయుధాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. సంధి అంటే రాతకోతలతో యుద్ధం ముగించడం. లొంగుబాటు అంటే ఒక వైపు ఆయుధాలు అవతలి వైపు చేతికి వెళ్లాయి. మూడోదానికి తెలుగువాళ్లకు బాగా గుర్తున్న ఉదాహరణ 1971 డిసెంబరు 16. ఢాకాలో పాక్ లెఫ్టినెంట్ జనరల్ నియాజీ, భారత లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జిత్ సింగ్ అరోరా ఎదుట సంతకం పెట్టారు. సుమారు 93,000 మంది యుద్ధఖైదీలయ్యారు.

దాన్ని బేషరతు లొంగుబాటు అంటారు. బేషరతు అంటే షరతుల్లేకుండా. ఓడినవాడు ‘నాకు ఇది ఇస్తేనే’ అని బేరం పెట్టలేడని దాని అర్థం. గెలిచినవాడు ఏమైనా చేసుకోవచ్చని కాదు. ఢాకా పత్రంలోనే లొంగిపోయిన సైనికులను జెనీవా ఒప్పందాల ప్రకారం గౌరవంగా చూస్తామన్న హామీ ఉంది. బేషరతుగా లొంగినవాడికీ చట్టం ఉంటుంది.

ఓడినవాడు ఆ మాట పలకకుండా ఎంత దూరం వెళ్తాడో చూడాలంటే 1945 ఆగస్టు 15 చూడాలి. జపాన్ చక్రవర్తి హిరోహితో రేడియోలో ప్రజలకు యుద్ధం ముగిసిందని చెప్పారు. ఆ ప్రసంగంలో లొంగుబాటు అన్న మాటే లేదు. మిత్రరాజ్యాల ఉమ్మడి ప్రకటనలోని నిబంధనలను అంగీకరిస్తున్నామని మాత్రం ఉంది. పైగా అది రాజదర్బారు భాషలో ఉండటంతో విన్నవాళ్లలో చాలామందికి ఓడామో లేదో వెంటనే అర్థం కాలేదు. సెప్టెంబరు 2న మిస్సోరీ యుద్ధనౌక మీద పెట్టిన సంతకాలకు మాత్రం అలాంటి దాపరికం లేదు.

మన ఇంటి ఉదాహరణ హైదరాబాద్. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. 18న ఆయన సేనాధిపతి ఎల్ ఇద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయారు. సైన్యం లొంగిందన్న దాని మీద తగవు లేదు. తగవంతా ఆ రోజు పేరు మీదే. నిజాం పాలన నుంచి బయటపడ్డ రోజు కాబట్టి విమోచనం అనేది ఒక పక్షం. సంస్థానం దేశంలో కలిసింది కాబట్టి విలీనం అనేది ఇంకో పక్షం. ఆ తర్వాత సైనిక పాలనలో గ్రామాల్లో జరిగిన హింసను గుర్తుచేస్తూ ‘ఎవరికి విమోచనం?’ అని అడిగేవాళ్లు మరికొందరు. 2022లో కేంద్రం విమోచన దినంగా, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా ఒకే తేదీని జరిపాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. చిత్రమేమంటే ఇన్ని పేర్లలో ఎక్కడా లొంగుబాటు లేదు. ఓడిన నిజాం 1950లో రాజప్రముఖ్ (గవర్నర్ లాంటి హోదా) అయ్యాడు, 1956 దాకా ఆ హోదాలో ఉన్నాడు. ఆయన సైన్యం ఓడిందనొచ్చు, ఆయన మాత్రం పూర్తిగా ఓడాడని అనడానికి నోరు రాదు.

ఒకే సంఘటన, అయిదు శీర్షికలు

ఇప్పుడు రోజూ పత్రికల్లో కనిపించే వాడుక. ఒక ఊహాజనిత సంఘటన: ఆస్తిపన్ను పెంచుతూ మున్సిపాలిటీ ఉత్తర్వు ఇచ్చింది. కాలనీవాళ్లు పదిరోజులు ధర్నా చేశారు. పదకొండో రోజున మున్సిపాలిటీ పెంపును సగానికి తగ్గించింది. ధర్నా ఆగింది.

‘దిగొచ్చిన మున్సిపాలిటీ’ అని రాస్తే కాలనీవాళ్లు గెలిచారు. ‘ఆందోళనలకు తలొగ్గిన మున్సిపాలిటీ’ అంటే కూడా వాళ్లే గెలిచారు గానీ, మున్సిపాలిటీ బలహీనపడిందన్న దెప్పు చేరింది. ‘వెనక్కి తగ్గిన మున్సిపాలిటీ’ కొంచెం తటస్థంగా ఉంది, రేపు మళ్లీ ముందుకు రావచ్చన్న అనుమానం మాత్రం మిగిలింది. ‘పన్ను పెంపుపై మున్సిపాలిటీ సానుకూల స్పందన’ అనేది మున్సిపాలిటీ పంపిన ప్రెస్‌నోట్ వాసన. ఇక ‘సగం పెంపునకు ఒప్పుకున్న కాలనీవాసులు’ అని రాస్తే? ఒక్క అబద్ధం లేదు, కానీ ఓడింది ఇప్పుడు కాలనీ. సగమే తగ్గింది కాబట్టి ఇద్దరూ ఒక మెట్టు దిగారనే ఆరో శీర్షికే నిజానికి దగ్గర. అది రాస్తే పేపరు అమ్ముడుపోదనుకుంటారో ఏమో, అరుదుగా కనిపిస్తుంది.

తగ్గినవాళ్లు తమ గురించి ఏం చెప్పుకుంటారన్నది ఇంకో కోణం. మూడు సాగు చట్టాలను రద్దు చేస్తున్నట్టు 2021 నవంబరు 19న ప్రధాని మోదీ ప్రకటించారు. రైతులకు అది విజయం. ప్రతిపక్షాలకు అది కేంద్రం దిగిరావడం. ప్రధాని ప్రసంగంలో మాత్రం కొందరు రైతులకు నచ్చజెప్పలేకపోయామన్న మాట ఉంది. చట్టాలు మంచివే, ఒప్పించడంలోనే లోపం జరిగిందన్నది దాని భావం. దీన్ని కొందరు తప్పించుకోవడమన్నారు, కొందరు హుందాతనమన్నారు. రెండు వ్యాఖ్యలకూ చోటుంది. హిరోహితో నుంచి ఇక్కడిదాకా, తగ్గినవాడి వాక్యంలో తగ్గడం అనే క్రియ దొరకడం కష్టం.

శరణు: ఓడకుండానే లొంగే మాట

ఇప్పటిదాకా చూసిన మాటలన్నిటిలో కొంచెమో గొప్పో చేదు ఉంది. ‘శరణు’లో అది లేదు. శరణం అంటే సంస్కృతంలో ఆశ్రయం, కాపాడే చోటు. ‘శరణు కోరాడు’ అన్నప్పుడు ఎదుటివాడు గెలిచినవాడు కానక్కర్లేదు, కాపాడగలవాడై ఉంటే చాలు. విభీషణుడు రాముడితో యుద్ధం చేసి ఓడి రాలేదు. అన్న దగ్గర ఇమడలేక వచ్చాడు. అందుకే అది విభీషణ శరణాగతి అయింది, విభీషణ లొంగుబాటు కాలేదు. రావణుడి కొలువులో కూర్చుని చూస్తే దాని పేరు ద్రోహం. పైన చెప్పిన 2025 వార్తలో అన్ని పేర్లు ఎందుకొచ్చాయో ఇక్కడ కొంచెం తెలుస్తుంది.

లొంగినవాడి మీద గెలిచినవాడికి హక్కు వస్తుంది. శరణు కోరినవాడి వల్ల శరణిచ్చినవాడికి బాధ్యత వస్తుంది. దేశం వదిలి వచ్చినవాళ్లను శరణార్థులని పిలిచేది అందుకే. తెలంగాణలో ‘శనార్థి’, ‘శనార్థులు’ అని పలకరించుకుంటారు కదా, అది శరణార్థి నుంచే వచ్చిందని అంటారు. ఎదురుపడ్డ మనిషికి శరణు చెప్పడం పలకరింపుగా మారినప్పుడు అందులో చిన్నతనం ఏముంటుంది?

శరణాగతిలోనూ గొడవ లేకపోలేదు. శ్రీవైష్ణవంలో ఇదే పెద్ద చర్చ. భగవంతుడికి తనను అప్పగించుకున్నాక భక్తుడు చేయాల్సిందేమైనా ఉందా? వడగలై సంప్రదాయం ఉందంటుంది. కోతిపిల్లను చూడండి, తల్లి గెంతుతుంటే పిల్ల తనే పొట్టను గట్టిగా పట్టుకుని వేలాడాలి. అది మర్కట కిశోర న్యాయం. తెంగలై సంప్రదాయం ఏమీ లేదంటుంది. పిల్లి తన కూనను నోట కరచుకుని తీసుకెళ్తుంది, కూన చేసేదేమీ లేదు. అది మార్జాల కిశోర న్యాయం. శతాబ్దాల పాటు పండితులు వాదించుకున్న ఈ విషయాన్ని వ్యాకరణం వైపు నుంచి చూస్తే, లొంగడం క్రియా కాదా అన్న ప్రశ్నే. కోతిపిల్లకు అది చేసే పని, పిల్లికూనకు జరిగే పని.

ఇస్లాం అన్న పేరులోనే దేవుడికి సమర్పించుకోవడమన్న అర్థం ఉంది. సలాంకూ దానికీ ధాతువు ఒకటే. దాన్ని తెలుగులో చెప్పేవాళ్లు విధేయత, సమర్పణ అంటారు, లొంగుబాటు అనరు. మతం ఏదైనా భక్తికి వచ్చేసరికి మన భాష ‘లొంగు’ను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

కాళ్ల దగ్గర మొదలైనవి

కాళ్లబేరం మాటలో ఒక గమ్మత్తుంది. ‘కాళ్లబేరానికి వచ్చాడు’ అంటే పూర్తిగా పడిపోయాడని మన భావం. కానీ మాటలో బేరం ఉంది! కాళ్లు పట్టుకున్నవాడు ఇంకా ఏదో దక్కించుకోవాలని చూస్తున్నాడు. బేషరతు లొంగుబాటుకు ఇది సరిగ్గా వ్యతిరేకం.

‘పాదాక్రాంతం’ తలకిందులైన మాట. పాదంతో ఆక్రమించబడినది అని అసలు అర్థం. అందులో కదిలే పాదం గెలిచినవాడిది, ఓడిన నేల మీద అడుగు పెట్టింది. ఇప్పుడు ఈ మాట వింటే మనకు కనబడే దృశ్యం వేరు: ఓడినవాడు వెళ్లి పాదాల మీద పడ్డాడు. కాలు అదే, కదిలే మనిషి మారాడు. ‘రాజ్యం పాదాక్రాంతమైంది’ అంటే పాత అర్థం నిలుస్తుంది. ‘ఆయన పాదాక్రాంతుడయ్యాడు’ అంటే కొత్తది వస్తుంది. రెండూ వాడుకలో ఉన్నాయి.

దాసోహం అంటే దాసః అహం, నేను దాసుణ్ణి. ఒక వాక్యం మొత్తం నామవాచకంగా గట్టిపడింది. భక్తుడు తన నోటితో అన్నప్పుడు అది వినయం. ‘ఆ పార్టీ ఢిల్లీకి దాసోహమంది’ అని మనం ఇతరుల గురించి అన్నప్పుడు తిట్టు. ఉత్తమ పురుషలో పుణ్యం, ప్రథమ పురుషలో పాపం.

అస్త్రసన్యాసం కూడా పురాణాల నుంచే వార్తల్లోకి వచ్చింది. కొడుకు అశ్వత్థామ చనిపోయాడని నమ్మిన ద్రోణుడు ఆయుధాలు వదిలాడు. అది పాండవులకు లొంగిపోవడం కాదు, యుద్ధం మీదే విరక్తి. పోటీ నుంచి తప్పుకున్న నాయకుడికి ఈ మాట వాడితే కొంత గౌరవం మిగులుతుంది. అదే నాయకుణ్ణి ‘తోక ముడిచాడు’ అంటే ఏం మిగులుతుందో చెప్పక్కర్లేదు.

రాజీ నుంచి రాజీనామా దాకా

రాజీ లొంగుబాటు కాదు. అరబ్బీలో రాజీ అంటే సమ్మతించినవాడు, సంతుష్టుడు. ఇద్దరూ కొంత వదులుకుని ఇద్దరూ సమ్మతిస్తే అది రాజీ. మన దగ్గర దానికి పట్టువిడుపులు అనే అందమైన మాట కూడా ఉంది. లోక్ అదాలత్‌లలో ‘రాజీమార్గమే రాజమార్గం’ అని బ్యానర్లు కడతారు. అదే సమయంలో వీధిలో ‘రాజీలేని పోరాటం’ అని నినాదాలిస్తారు. కోర్టులో మంచిదైన రాజీ ఉద్యమంలో చెడ్డదైంది. ఉద్యమంలో ఒకడు రాజీపడ్డాడంటే తనకు లేని అధికారంతో అందరి వాటా వదిలేశాడన్న అనుమానం ఉంటుంది. తగువుదారు కోర్టులో వదులుకునేది తన వాటా మాత్రమే.

మరి రాజీనామాలో రాజీ ఎందుకుంది? నామా అంటే పత్రం. రాజీనామా అంటే సమ్మతి పత్రం. ఉర్దూలో ఇప్పటికీ రాజీపత్రమనే అర్థం, ఉద్యోగం వదలడాన్ని వాళ్లు ఇస్తీఫా అంటారు. బ్రిటిష్ కాలపు బొంబాయి ప్రెసిడెన్సీ రెవెన్యూలో రైతు తన భూమి హక్కు వదులుకుంటూ ఇచ్చే కాగితం రాజీనామా. దాన్ని తీసుకునేవాడు ఇచ్చే కాగితం కబులాయతు. సమ్మతితో భూమి వదలడం నుంచి సమ్మతితో పదవి వదలడానికి పెద్ద దూరం లేదు. మరాఠీ, కన్నడం, తెలుగు ఆ దారినే వెళ్లాయి. ‘ఆయనతో బలవంతంగా రాజీనామా చేయించారు’ అని రాసేటప్పుడు మనం ‘బలవంతంగా సమ్మతి పత్రం ఇప్పించారు’ అంటున్నామని గుర్తొస్తే కాస్త నవ్వొస్తుంది.

సరెండర్: తెలుగైపోయిన ఇంగ్లీషు

ఇన్ని మాటలుండగా సరెండర్‌ను ఎందుకు తెచ్చుకున్నామంటే, మన మాటల్లో లేనిది దానిలో ఒకటుంది: అవమానం అంటని అప్పగింత. ప్రభుత్వ ఉద్యోగి సంపాదిత సెలవులను సరెండర్ చేసి డబ్బు తీసుకుంటాడు. దాన్ని ఎవరూ సెలవుల లొంగుబాటు అనరు. బీమా పాలసీని గడువుకు ముందే సరెండర్ చేస్తే సరెండర్ విలువ వస్తుంది. యంత్రానువాదం దాన్ని ‘లొంగుబాటు విలువ’గా మారిస్తే పాలసీదారుడు చేతులు పైకెత్తి బ్రాంచికి వెళ్లాలేమో అనిపిస్తుంది. పాస్‌పోర్టును కోర్టుకు సరెండర్ చేస్తారు. భూపరిమితి చట్టం వచ్చాక మిగులు భూములు సరెండర్ చేశారు.

ఆఫీసుల్లో ఇంకో వాడుక ఉంది, బయటివాళ్లకు అది అంతుపట్టదు. ‘ఆ క్లర్కును కలెక్టరేట్‌కు సరెండర్ చేశారు’ అంటే, ఆయన మాకొద్దు, మీరే తీసుకోండని మాతృశాఖకు తిప్పి పంపారని అర్థం. ఇక్కడ సరెండర్ చేసింది పై అధికారి. సరెండర్ అయింది క్లర్కు. ఓడిందెవరో మాత్రం ఆ ఫైలు చదివినవాళ్లకే తెలియాలి.